అత్తగారి మంచం, కోడలి పిల్లి

మే రెండో వారం. విజయవాడలో మధ్యాహ్నం 44 డిగ్రీలు. క్లినిక్ షట్టరు సగం దించి భోజనానికి లేవబోతుంటే ఒక అమ్మాయి బుట్టలో పిల్లిని పెట్టుకుని వచ్చింది. వెనకే ఆమె అత్తగారు. రిటైరైన టీచరు. కుర్చీ చూపించినా కూర్చోకుండానే చెప్పేశారు: "డాక్టరు గారూ, ఈ పిల్లికి నేనంటే పడదు. ఇంట్లో ఇన్ని చోట్లుండగా సరిగ్గా నా మంచమెక్కి పోస్తుంది. ఇది పగబట్టి చేస్తున్న పని." కోడలు ఏమీ అనలేదు. బుట్ట పిడి మాత్రం వదల్లేదు.

పిల్లి పేరు పండు. నాలుగేళ్ల నాటు మగపిల్లి, ఎనిమిదో నెలలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయింది. బరువు 5.8 కిలోలు, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. ఫిబ్రవరిలో కోడలి పెళ్లయింది. మార్చిలో పండు కూడా గుంటూరు పుట్టింటి నుంచి ఈ ఫ్లాటుకు చేరాడు. ఏప్రిల్ చివర్లో మొదటిసారి అత్తగారి పరుపు తడిసింది. అప్పటి నుంచి రెండు వారాల్లో పదకొండుసార్లు. ఎనిమిది సార్లు ఆవిడ మంచం, రెండు సార్లు మడతపెట్టిన బట్టల దొంతర, ఒకసారి బాత్‌రూము ముందు కాళ్లు తుడుచుకునే పట్టా. ఈ లెక్క నాది కాదు. టీచరు గారు గోడ క్యాలెండరులో ఎర్ర ఇంకుతో చుక్కలు పెట్టి, ఆ కాగితం మడిచి తెచ్చారు. నేరం రుజువు చేయడానికి తెచ్చిన ఆ కాగితమే తర్వాత నాకు అన్నిటికన్నా పనికొచ్చింది.

మగపిల్లి మూత్రం గురించి ఎవరు ఏ ఫిర్యాదుతో వచ్చినా ముందు పొట్ట పట్టి చూస్తాను, కథ తర్వాత వింటాను. మగపిల్లి మూత్రమార్గం చివర్లో బాగా సన్నగా ఉంటుంది. జిగురు, స్ఫటికాలు కలిసి అక్కడ బిరడాలా పడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు మూత్రాశయం గట్టి బత్తాయికాయలా చేతికి తగులుతుంది. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ప్రాణం పోతుంది. మలబద్ధకమనుకుని ఆముదం పట్టించి మూడో రోజు తెచ్చినవాళ్లను చూశాను. ముక్కుతూ కూర్చునే తీరు రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది మరి. మగపిల్లి పదేపదే కూర్చుని లేస్తూ, చుక్క కూడా పోయకపోతే రాత్రి రెండు గంటలైనా సరే డాక్టరును లేపాల్సిందే.

పండు మూత్రాశయం నిమ్మకాయంత ఉంది. మెత్తగా, దాదాపు ఖాళీగా. నొక్కగానే వీపు బిగించి తోక విసిరాడు. అంటే అడ్డు లేదు, నొప్పి ఉంది.

రెండో ప్రశ్న: నిలబడి చిమ్ముతాడా, కూర్చుని పోస్తాడా? ఇది చాలామంది చెప్పలేరు. తన హద్దుకు ఆనవాలు పెట్టే పిల్లి గోడకో తలుపుకో వీపు తిప్పి, తోక నిటారుగా ఎత్తి వణికిస్తూ, కొద్దిగా చిమ్ముతుంది. ఆపరేషన్ అయిన మగపిల్లుల్లో కూడా దాదాపు 10 శాతం ఈ పని చేస్తాయి. పండు మాత్రం పరుపు మీద కూర్చుని పోస్తున్నాడు. ఒక్కోసారి అరచేతి వెడల్పు మరక, ఒక్కోసారి రూపాయి బిళ్లంత. ఇది సరిహద్దు గీసుకునే వ్యవహారం కాదు. పైగా ఊరపిల్లి ఏదీ ఆ అంతస్తుకు వచ్చే దారి లేదు.

నా పొరపాటు

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. ఈ కేసు రాయడానికి సగం కారణం అదే.

కోడలు ముందు రోజు రాత్రి బాత్‌రూము టైల్స్ మీద పండు పోసిన మూత్రాన్ని సిరంజితో తీసి, సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చింది. శ్రద్ధగల పిల్ల. పరీక్ష పట్టీ ముంచాను. రక్తం మూడు ప్లస్సులు, తెల్లకణాలు రెండు ప్లస్సులు. సూక్ష్మదర్శిని కింద స్ట్రువైట్ అనే లవణపు స్ఫటికాలు, శవపేటిక మూతల్లాంటివి, అక్కడక్కడ కనిపించాయి. మూత్ర ఇన్‌ఫెక్షన్ అని రాసి, అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ ఏడు రోజులకు ఇచ్చి పంపేశాను.

నాలుగో రోజుకల్లా మరకలు ఆగిపోయాయి. టీచరు గారు స్వయంగా ఫోను చేసి మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

ఇరవై నాలుగో రోజున పండు మళ్లీ వచ్చాడు. ఈసారి మరకలో లేత గులాబీ రంగు. ఇంట్లో మాట కూడా ముదిరింది. పిల్లిని గుంటూరు పంపేయాలన్న ప్రస్తావన వచ్చింది. అంతకుముందు రోజు కొడుకు పండును మెడ పట్టుకుని తెచ్చి, తడిసిన దుప్పటికి ముక్కు రాయించాడట. ఆ రోజు నుంచి వాడు ఎవరూ లేనప్పుడే పోస్తున్నాడు. కొట్టినా, ముక్కు రాయించినా పిల్లి నేర్చుకునేది ఒక్కటే: మనుషుల కళ్లు కప్పడం.

ఈసారి పండు కేసు కార్డు మొదటి నుంచి చదివాను. మొదటి రోజున నేను నమ్మిన మూడు సాక్ష్యాల్లో రెండు చెల్లవు, మూడోది ఇన్‌ఫెక్షన్ గురించి చెప్పనే చెప్పదు. పరీక్ష పట్టీలోని తెల్లకణాల గడి మనుషుల కోసం చేసింది. పిల్లి మూత్రంలో అది ఉత్తపుణ్యానికే రంగు మారుతుంది. మూత్రాన్ని ఫ్రిజ్‌లో పెడితే ఆ చల్లదనానికి స్ఫటికాలు సీసాలోనే పుడతాయి. ఇక రక్తం మూత్రాశయం వాచిందని చెబుతుందే తప్ప సూక్ష్మజీవులున్నాయని కాదు. ఇవన్నీ కాలేజీలో చదివినవే. ఎండ, ఆకలి అని చెప్పుకోవచ్చు గాని అవి సాకులు.

పదేళ్లలోపు వయసున్న పిల్లుల్లో బాక్టీరియా వల్ల వచ్చే మూత్రాశయపు వాపు అరుదు. మూత్రం ఇబ్బందితో వచ్చే ఈ వయసు పిల్లుల్లో సగానికి పైగా కనిపించేది ఫెలైన్ ఇడియోపతిక్ సిస్టైటిస్, ఎఫ్‌ఐసీ. కారణం ఇదీ అని తేల్చలేని వాపు అని ఆ పేరుకు అర్థం. దాని మాయ ఏమిటంటే, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా చాలా పిల్లుల్లో వారం రోజుల్లోపు దానంతటదే తగ్గిపోతుంది. నాలుగో రోజున తగ్గింది నా యాంటీబయాటిక్ వల్ల కాదు. నేను చింతపండు రసం ఇచ్చి పంపినా టీచరు గారు ఫోను చేసి మెచ్చుకునేవారే. ఊళ్లో పిల్లి మూత్రానికి ఇంత యాంటీబయాటిక్ ఎందుకు ఖర్చవుతోందో నాకు అప్పుడు అర్థమైంది. తగ్గిన ప్రతిసారీ మందుకే పేరొస్తుంది, తిరగబెట్టిన ప్రతిసారీ ఇంకా పెద్ద మందు రాస్తాం.

ఈసారి పొట్ట మీది నుంచి సన్నటి సూదితో నేరుగా మూత్రాశయం నుంచి మూత్రం తీశాను. చూడటానికి భయంగా ఉంటుంది గాని, పిల్లికి టీకా సూది కన్నా ఎక్కువ బాధ ఉండదు. సాంద్రత 1.052. బాగా చిక్కటి మూత్రం, కిడ్నీలు నీటిని చక్కగా పట్టి ఉంచుతున్నాయన్నమాట. తాజా మూత్రంలో స్ఫటికం ఒక్కటీ లేదు. సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఏమీ పెరగలేదు. ఎక్స్‌రేలో, స్కానింగ్‌లో రాళ్లు లేవు, మూత్రాశయం గోడ మాత్రం మందంగా ఉంది. రక్తపరీక్షలు మామూలే. చక్కెర కూడా చూశాను, బరువైన మగపిల్లి కదా.

ఎఫ్‌ఐసీ అని కార్డు మీద రాశాను. నొప్పికి మూడు రోజుల మెలోక్సికామ్, ఐదు రోజుల గాబాపెంటిన్. కిడ్నీలు బాగున్నాయని తేలాకే మెలోక్సికామ్ ఇచ్చాను. మోతాదులు ఇక్కడ రాయను. చదివి ఇంట్లో వేసేవాళ్లుంటారు. మనుషుల పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి చనిపోతుంది. ఈ మాట మాత్రం అడిగినవారికీ అడగనివారికీ చెబుతుంటాను.

ఇల్లు చూడటం

ఎఫ్‌ఐసీ ఉన్న పిల్లుల మూత్రాశయంలో లోపలి పూత పలచబడి ఉంటుంది. అలజడి కలిగినప్పుడు వాటి నరాల వ్యవస్థ మామూలు పిల్లుల కన్నా ఎక్కువగా రేగుతుంది. ఆ సెగ మూత్రాశయానికి తగులుతుంది. అందుకే దీనికి వైద్యం సీసాల్లో కన్నా ఇంట్లో ఎక్కువ ఉంటుంది. అమెరికాలోని ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం 2006లో ప్రచురించిన పరిశీలన దీనికి ఒక ఆధారం. ఎఫ్‌ఐసీ ఉన్న పిల్లులకు ఇళ్లలోని పరిస్థితులు మార్చారు. లక్షణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గాయి.

ఆదివారం ఉదయం ఆ ఫ్లాటుకు వెళ్లాను. లిట్టర్ బాక్స్, అంటే పిల్లి మరుగుదొడ్డిగా వాడే పెట్టె, ఎక్కడని అడిగితే కొడుకు కాస్త గర్వంగానే చూపించాడు. పెళ్లయిన కొత్తలో భార్య కోసం, ఆమె పిల్లి కోసం ఆన్‌లైన్‌లో కొన్నది. నాలుగువైపులా మూత, ముందు ఊగే తలుపు, లోపల లావెండర్ వాసన వేసే తెల్లటి సిలికా గుళికలు. ఖరీదైనదే. వంటింటి వెనక వాష్ ఏరియాలో, వాషింగ్ మెషిన్‌కూ గోడకూ మధ్య ఇరికించి పెట్టారు.

టేపు పెట్టి కొలిచాను. పెట్టె లోపలి పొడవు 40 సెంటీమీటర్లు. పండు ముక్కు నుంచి తోక మొదలు దాకా 46. పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి పెట్టె, అంటే 70 సెంటీమీటర్ల దగ్గర. వాడు అందులో తిరగడానికే వీల్లేదు. మూత ఎత్తగానే లావెండర్ వాసన ఒక్కసారిగా ముక్కుకు కొట్టింది. దాని వెనక ఇంకో వాసన, బాగా తెలిసినదే. నల్ల ఫినాయిల్. పని చేసే ఆమె రోజూ ఉదయం ఆ పెట్టెను ఫినాయిల్ నీళ్లతో కడిగి, తుడిచి, గుళికలు మళ్లీ పోస్తోంది. ఆమె తప్పేమీ లేదు, శుభ్రంగా ఉంచమని చెప్పారు, ఉంచుతోంది. కానీ ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటింది నాకితే ఒంట్లో పేరుకుంటుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఆ సీసా ఉండకూడదు.

వాషింగ్ మెషిన్ వేసే వేళ అడిగాను. ఉదయం ఏడు, సాయంత్రం ఆరు. టీచరు గారి క్యాలెండరు తెప్పించి చూస్తే, ఆవిడ చుక్కల పక్కన వేళలు కూడా రాసుకున్నారు. వృత్తి అలవాటు కాబోలు. పదకొండింటిలో ఏడు సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్యవే. ఆ సమయానికి ఆవిడ వాకింగ్‌కు వెళతారు, గది ఖాళీ. వాష్ ఏరియాలో మెషిన్ గుడగుడలాడుతూ ఉంటుంది, మే నెల ఎండకు పడమటి గోడ అప్పటికీ సెగలు కక్కుతూ ఉంటుంది. పొయ్యి పక్కన, మోత మధ్యలో, ఇరుకు డబ్బాలో, నొప్పితో కూర్చోవడం ఒక దారి. చల్లటి గదిలో దూదిపరుపు ఇంకో దారి. నేనైనా మంచమే ఎక్కేవాణ్ని.

కోడలు అప్పుడు ఫోనులో ఒక వీడియో చూపించింది. రెండు రోజుల క్రితం తీసిందట. పండు ఊగే తలుపును తలతో నెట్టి సగం లోపలికి దూరాడు. వెనక కాళ్లు బయట నేల మీదే ఉన్నాయి. ముందు పాదం ఒకటి గుళికల మీద పెట్టి, వేడి పెనం తాకినట్టు వెనక్కి తీసి విదిలించాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ విదిలించాడు. తవ్వలేదు. వెనక్కి వచ్చి పెట్టె బయటి గోడను గోకాడు. అక్కడి నుంచి కదిలిపోయాడు. పదిహేడు సెకన్లు. "అత్తయ్యా, చూడండి, వాడు వెళ్లాడు కదా" అంది కోడలు. టీచరు గారు కళ్లజోడు సవరించుకుని ఆ వీడియో రెండుసార్లు చూశారు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడలేదు.

"గుంటూరులో వీడు ఎక్కడ పోసేవాడమ్మా?" అని అడిగాను. పెరట్లో అరిగిపోయిన నీళ్ల తొట్టి ఒకటి ఉండేదట, అంచు విరిగింది. వాళ్ల నాన్నగారు అందులో ఇంటి పనికి తెచ్చిన ఇసుక పోశారు. నాలుగేళ్లు వాడికి తెలిసిన మరుగుదొడ్డి అదే. మూత లేనిది, విశాలమైనది, కాలికి మెత్తగా తగిలేది. కొత్త కాపురంలో ప్రేమగా కొన్న ఖరీదైన పెట్టె వాడికి పరాయి. మార్చి నుంచి దాన్ని ఓర్చుకుంటున్నాడు, రోజుకు ఒకసారి పోసి మిగతాది బిగబట్టుకుంటూ. ఏప్రిల్‌లో మూత్రాశయం వాచింది. పెట్టెలో కూర్చున్నప్పుడల్లా మంట. పిల్లి లెక్కలో మంటకు కారణం ఆ పెట్టే. ఓర్పు అక్కడితో సరి.

తలుపులు మూసి, అతినీలలోహిత కాంతి టార్చి వేశాను. మంచం పరుపు మీద, చాప అంచున, బీరువా కింద పాలిపోయిన పచ్చరంగులో మరకలు వెలిగాయి. పదకొండు అనుకున్నవి పదిహేను దాకా లెక్కపెట్టాం. "నేను పడుకుంటున్నది దీని మీదా!" అన్నారు టీచరు గారు. ఆ టార్చి చూపించకపోయినా బాగుండేదేమో.

మార్చినవి

కొత్త పెట్టె కొననివ్వలేదు. వన్‌టౌన్‌లో ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో దుప్పట్లు దాచుకునే పెద్ద డబ్బాలు దొరుకుతాయి. 75 సెంటీమీటర్లవి రెండు తెప్పించి, మూతలు పక్కన పడేసి, ఒకవైపు అంచును కొడుకు చేతనే కోయించాను. కోసిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. ఒక పిల్లికి రెండు పెట్టెలు: పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపి పెట్టాలన్నది మా వృత్తిలో పాత లెక్క. పక్కపక్కన పెడితే పిల్లి రెండింటినీ ఒకటిగానే చూస్తుంది. అందుకే ఒకటి హాలు మూలలో, ఇంకోటి టీచరు గారి గదిలో కిటికీ కింద పెట్టమన్నాను. రెండో చోటు వినగానే ఆవిడ ముఖం ముడిచారు. "పోసేది ఎలాగూ ఇక్కడే. పెట్టెలో పోస్తే మీకు నష్టమేమిటి?" అన్నాను. కాస్త దురుసుగానే అన్నాను గాని, ఒప్పుకున్నారు.

ఏది పోయాలో మేం నిర్ణయించలేదు. ఒక డబ్బాలో జల్లెడ పట్టిన నది ఇసుక, ఇంకో డబ్బాలో వాసన లేని, తడికి గడ్డకట్టే బెంటొనైట్ అనే బంకమట్టి లిట్టర్, రెండూ మూడంగుళాల లోతు పోసి, వారం రోజులు వాడికే వదిలేశాం. వారం మధ్యలో డబ్బాల చోటు మార్చాం, చోటు నచ్చిందా మట్టి నచ్చిందా అన్నది తేలడానికి. మొదటి మూడు రోజులు ఇసుక. తర్వాత నాలుగు రోజులు బెంటొనైట్. వాడికి రెండూ ఇష్టమేనని తేలింది. బెంటొనైట్‌తో నాకో లాభం ఉంది. అది ఉండలు కడుతుంది, ఉండలు లెక్కపెట్టవచ్చు. రోజుకు రెండు నుంచి నాలుగు ఉండలు, పిల్లి బరువుకు తగ్గ పరిమాణంలో ఉంటే సరే. పెసరగింజంత ఉండలు పదిహేను కనిపిస్తే మంట మళ్లీ మొదలైనట్టు. ఉండ ఒక్కటీ లేకపోతే క్లినిక్‌కు పరుగే.

ఉదయం, సాయంత్రం ఉండలు తీసేయడం, రెండు వారాలకోసారి మొత్తం పారబోసి వాసన లేని సబ్బుతో కడగడం. పరుపుకు ఎంజైమ్ క్లీనరు. పైపైన చల్లి తుడిస్తే లాభం లేదు. మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు క్లీనరు దిగాలి, పావుగంట తడిగా నిలవాలి, తర్వాత నీడన ఆరాలి. నిమ్మతొక్కలు పులియబెట్టి ఇంట్లో చేసే బయో ఎంజైమ్ వాడవచ్చా అని టీచరు గారు అడిగారు. వంటింటి గట్టుకు వాడుకోండి, పరుపుకు వద్దన్నాను. అమోనియా ఉన్న క్లీనర్లు కూడా వద్దు, పిల్లి ముక్కుకు అది మూత్రం వాసనలాగే ఉంటుంది.

తిండి దగ్గర గొడవ పడాల్సి వచ్చింది. పండు నాలుగేళ్లుగా గిన్నెలో ఎప్పుడూ నిండుగా ఉండే పొడి ఆహారపు గుళికల మీదే బతుకుతున్నాడు. ఎఫ్‌ఐసీ పిల్లికి మూత్రం పలచబడాలి. పొడి గుళికలు సగం చేసి, తడి ఆహారం పౌచ్‌లు రోజుకు రెండు, వాటిలో నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపి పెట్టమన్నాను. ఖర్చు ఎక్కువైన రోజున ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఆ ఉడికిన నీళ్లతో సహా. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి, అందుకే మన కూరలో ముక్క కడిగి పెట్టినా వద్దు. నీళ్ల గిన్నెలు మూడు, తిండికి దూరంగా.

పిల్లిని శాంతపరిచే వాసనలు గదిలోకి వదిలే ఫెరోమోన్ డిఫ్యూజరు గురించి కొడుకు అడిగాడు. తప్పు కాదు, కానీ ఆ డబ్బు ముందు తడి ఆహారానికి పెట్టమన్నాను. కిటికీ దగ్గర పాత స్టూలు ఒకటి వేశారు, కాకులను చూసుకోవడానికి. కోడలు రోజూ రాత్రి పది నిమిషాలు తాడు ముక్కతో వాడిని ఆడిస్తుంది. బరువు తగ్గడానికీ అది పనికొచ్చింది.

తర్వాత

మొదటి రెండు వారాల్లో క్యాలెండరులో నాలుగు ఎర్ర చుక్కలు. తర్వాతి రెండు వారాల్లో ఒకటి, అది కూడా కోడలు రెండు రోజులు పుట్టింటికి వెళ్లినప్పుడు. జూలై రెండో వారం నుంచి క్యాలెండరులో ఎర్ర ఇంకు లేదు. ఆగస్టు చివర్లో మూత్రం మళ్లీ పరీక్షిస్తే సాంద్రత 1.034, రక్తం లేదు. బరువు 5.3 కిలోలు. పెట్టెల్లో వాడు ఎక్కువగా వాడేది ఏదో చెప్పనక్కరలేదు, టీచరు గారి గదిలోదే.

ఎఫ్‌ఐసీ నయమైపోయిందని నేను ఎవరికీ చెప్పను. ఒకసారి వచ్చిన పిల్లుల్లో చాలావాటికి ఏడాది రెండేళ్లలో మళ్లీ వస్తుంది. దీపావళికి వస్తుందని అనుకున్నాను. టపాసులకు వారం ముందే వాళ్లను పిలిచి, ఆ రెండు సాయంత్రాలకు బెదురు తగ్గడానికి గాబాపెంటిన్ ఇచ్చాను. వీధికి దూరంగా ఉన్న లోపలి గదిలో పెట్టె, నీళ్లు, పాత దుప్పటి పెట్టి, ఫ్యాను గట్టిగా తిప్పి తలుపు వేయమన్నాను. అయినా మూడో రోజున చిన్న చిన్న ఉండలు తొమ్మిది కనిపించాయని ఫోటో పంపారు. ఉండలన్నీ పెట్టెలోనే. ఒక్క చుక్క కూడా బయట లేదు. క్లినిక్‌కు తెప్పించి పొట్ట పట్టి చూశాను, మెత్తగానే ఉంది. నొప్పి మందు మాత్రం ఇచ్చాను. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. ఐదో రోజుకు తగ్గింది.

ఆ ఫోటో పంపింది టీచరు గారు. ఉండల పక్కన కొలత తెలియడానికి రూపాయి బిళ్ల పెట్టి మరీ తీశారు. మంచం మీద వేసిన ప్లాస్టిక్ షీటు మాత్రం ఆవిడ ఇంకా తీయలేదు. ఎందుకని అడిగితే, "వాడి మీద నమ్మకం లేక కాదండీ, అలవాటైపోయింది" అన్నారు. పండు ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ షీటు మీదే పడుకుంటాడట.